కొత్త డొమైన్ కొసపేర్లు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ప్రజావగాహన

అంతర్జాలమున ఒక కార్యాలయమునకో, అంగడికో, వ్యక్తికో ఏర్పడిన చిరునామాలో చిట్టచివరి చుక్కకు తరువాత వచ్చు భాగము కొసపేరు. వ్యవహారమున దీనిని ఎక్స్‌టెన్షన్ అనియు, సాంకేతికులు టాప్ లెవెల్ డొమైన్ అనియు అందురు. .కామ్, .ఆర్గ్, .ఇన్ అనునవి అందరికిని చిరపరిచితములు. .ఇన్ క్రింద ఏర్పడిన .గవ్.ఇన్ వంటి జంట కొసలను కూడ ఈ వ్యాసమున కొసపేర్లనియే అందుము. అయితే గడచిన పుష్కరకాలములో ఈ కొసపేర్ల సంఖ్య పధ్నాలుగు వందలను దాటినదనియు, వానిలో తెలుగు అక్షరములతోనే వ్రాయదగిన .భారత్ కూడ గలదనియు, మన బ్యాంకులన్నియు .బ్యాంక్.ఇన్ అను కొత్త కొసకు మారవలెనని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించినదనియు ఎరిగినవారు పట్టణములలో సైతము అరుదుగ కనబడుదురు. ఎరుగకపోవుట వలన కలుగు నష్టము రెండు విధములు: తనకు హక్కుగ లభించిన పేరును తాను వాడుకొనలేకపోవుట ఒకటి, పరుల మోసపు పేరును తనవారి పేరని నమ్ముట రెండవది.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాకు ముఖ్యపట్టణమగు నంద్యాలయు, దానికి దక్షిణముగ సుమారు 40 కిలోమీటర్ల దూరమున కర్నూలు-కడప రహదారి మీదనున్న ఆళ్లగడ్డయు ఈ విషయమును పరిశీలించుటకు తగిన తావులు. నంద్యాల ప్రాంతము ప్రత్తి విత్తనములకు, శనగకు, సన్నబియ్యమునకు పేరొందినది. 1906 నుండి ఇచటనున్న వ్యవసాయ పరిశోధన కేంద్రము రాయలసీమ రైతులకు సుపరిచితము. ఆళ్లగడ్డ శిల్పులు కృష్ణశిలలో మలచిన దేవతామూర్తులు దేశాంతరములందలి ఆలయములకు సైతము తరలుచున్నవి; ఆ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు లభించినది. అహోబిలమునకు పోవు యాత్రికులలో పెక్కుమంది ఆళ్లగడ్డ మీదుగనే పోవలెను. విత్తనమైనను, విగ్రహమైనను, వసతిగదియైనను దూరమునున్న అపరిచితునితో బేరము కుదుర్చుకొనవలసినప్పుడు చిరునామా యథార్థతయే మొదటి ప్రశ్న యగుచున్నది.

స్వరూపము

డొమైన్ పేరు నిర్మాణమును తెలిసికొనుటకు నంద్యాల చుట్టునున్న నవనందులు చక్కగ ఉపకరింతురు. మహానంది, సోమనంది, సూర్యనంది, నాగనంది, శివనంది, గరుడనంది మొదలగు నామములలో కొసనున్న నంది శబ్దము ఆ దేవుడు ఏ కుదురునకు చెందినవాడో తెలుపగ, ముందున్న శబ్దము ఆ కుదురులో అతడెవడో తెలుపుచున్నది. డొమైన్ పేరు కూడ అట్లే కొస నుండి మొదటికి చదువవలసినది. నంద్యాల జిల్లా యంత్రాంగపు చిరునామా నంద్యాల.ఏపీ.గవ్.ఇన్ అని ఇంగ్లీషు అక్షరములలో ఉండును. దీనిని వెనుక నుండి విప్పినచో మొదట .ఇన్, అనగా భారతదేశము, దానిలో గవ్, అనగా ప్రభుత్వ విభాగము, దానిలో ఏపీ, అనగా ఆంధ్రప్రదేశ్, కట్టకడపట నంద్యాల. కంప్యూటరు కూడ ఇదే క్రమమున వెదకును: మొదట మూలసర్వరును అడిగి .ఇన్ ఎవరి అధీనమున నున్నదో తెలిసికొని, వారిని గవ్.ఇన్ గురించి అడిగి, ఈ విధముగ ఒక్కొక్క మెట్టు దిగుచు, తుదకు ఆ పేరునకు సరిపోవు అంకెల చిరునామాను సాధించును. ఇదంతయు కనురెప్పపాటులో ముగియుట చేత మనకు తెలియరాదు.

కొసపేర్లలో ఒక ముఖ్యమైన భేదము కలదు. ఈ వ్యాసమందలి సంగతులలో సామాన్య పాఠకుడు మరువరానిది ఇదియే. కొన్ని కొసపేర్లు బహిరంగములు: రుసుము చెల్లించిన వారెవరైనను పొందవచ్చును. .కామ్, .నెట్, .ఇన్ అట్టివి; .ఆర్గ్ అనునది లాభాపేక్ష లేని సంస్థలకై ఉద్దేశింపబడినను ఆచరణలో అదియు అందరిదే. మరికొన్ని నియమితములు: అర్హతను పరిశీలించిన పిమ్మటగాని ఇయ్యబడవు. .గవ్.ఇన్ పేర్లను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇచ్చును; .ఏసీ.ఇన్ మొదలైన విద్యాసంస్థల కొసపేర్లను ఎర్నెట్ ఇండియా ఇచ్చును. నియమితమైన కొసపేరు ఒక ముద్ర వంటి సాక్ష్యము. బహిరంగమైన కొసపేరు ఏ సాక్ష్యమును చెప్పదు. అది మంచివానికిని, వంచకునకును సమానముగనే అమ్ముడుపోవును.

పూర్వచరిత్ర

1983లో పాల్ మోకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, తన సహోద్యోగి జాన్ పోస్టెల్ ప్రోత్సాహమున, డొమైన్ పేర్ల పద్ధతిని రూపొందించినాడు. అంతకుముందు యంత్రముల పేర్లన్నియు ఒకే పట్టికలో వ్రాసియుంచి, అందరును దానిని తెచ్చుకొను ఏర్పాటుండెడిది; యంత్రములు పెరిగిన కొలది ఆ పట్టికను మోయుట దుర్భరమయ్యెను. .కామ్, .ఆర్గ్, .నెట్, .ఎడ్యు, .గవ్, .మిల్ అను తొలినాటి కొసపేర్లు ఈ మార్పుతోనే పుట్టినవి. మొదటి .కామ్ పేరును 1985 మార్చి 15న సింబాలిక్స్ అను కంప్యూటరు కంపెనీ నమోదు చేసికొన్నది. మన దేశపు .ఇన్ 1989 మేలో ఏర్పడి, చాలకాలము ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రము నిర్వహణలో నుండి, 2005లో అందరికిని సులభముగ లభించు విధమున తెరువబడినది. నాటి నుండి నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా, పొట్టిగ నిక్సీ, దానికి అధిపతి.

ప్రపంచమంతటి కొసపేర్ల వ్యవస్థను నిర్వహించు ఐకాన్ సంస్థ 1998లో కాలిఫోర్నియాలో నెలకొల్పబడినది. 2000లో అది .ఇన్ఫో, .బిజ్ మొదలైన ఏడింటిని మాత్రమే చేర్చి, పిమ్మట మరికొన్నింటిని జాగ్రత్తగ అనుమతించి, 2011 జూన్‌లో సింగపూరు సమావేశమున పెద్ద తలుపు తెరచినది. 2012లో 1930 దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తు రుసుము 1,85,000 డాలర్లు. 2013 అక్టోబరు 23న మొట్టమొదట కొసపేర్లన్నింటి మూలపట్టికలో చేరిన నాలుగు కొసపేర్లలో ఒక్కటియు ఇంగ్లీషు అక్షరములలో లేదు: ఒకటి అరబ్బీ, రెండు రష్యను, ఒకటి చైనా లిపిలోనివి. ఇది గమనింపదగిన సంగతి. ఇంగ్లీషు లిపి రానివాని కొరకే ఈ విస్తరణ అత్యవసరమైనదని ఆ మొదటి అడుగే చాటినది. ఆ విడతలో పన్నెండు వందలకు పైగా కొసపేర్లు పుట్టినను, తెలుగు లిపిలో ఒక్కటియు వాటిలో లేకపోవుట మనకు విచారకరము.

తెలుగు లిపిలో .భారత్

దేశములకు తమ తమ లిపులలో కొసపేర్లనిచ్చు పద్ధతిని ఐకాన్ 2009 అక్టోబరులో సియోల్ నగరమున ఆమోదించగ, 2010 మేలో ఈజిప్టు, సౌదీ అరేబియా, ఎమిరేట్లు, రష్యా దేశములకు మొదటి ఫలము దక్కినది. రష్యా కొసపేరు క్రింద లక్షలాది పేర్లు నమోదైనవి. మన దేశమునకు 2011 జనవరిలో ఒకేసారి ఏడు కొసపేర్లు అనుమతింపబడినవి: దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, గురుముఖి, తమిళము, తెలుగు, ఉర్దూ లిపులలో. తెలుగుతో పాటు ఉర్దూ కూడ ఇంట వినబడు నంద్యాల వంటి పట్టణమునకు ఈ రెండును ఒకేనాడు సంక్రమించుట ఉచితముగనున్నది. 2014 ఆగస్టులో దేవనాగరి .భారత్ ప్రజలకు విడుదలయ్యెను. క్రమముగ తక్కిన లిపులును వచ్చినవి. తరువాత కన్నడము, మలయాళము, ఒడియా మొదలైనవి చేరి, నేడు రాజ్యాంగమున గుర్తింపబడిన 22 భాషలకును దేశీయమైన కొసపేరు కలదు. 2021 జనవరిలో నిక్సీ ఒక .ఇన్ పేరు తీసికొన్నవారికి తాము కోరిన భారతీయ భాషలో ఒక పేరును ఉచితముగ నిచ్చు పథకమును ప్రకటించినది. ఉచితమైనను ఊరూర ఆ వార్త వినబడలేదు.

లోపలి యంత్రాంగము కొంత చెప్పవలసియున్నది. ఏలనన దీనిని తెలియక జనులు తమ భాషా చిరునామానే చూచి బెదరుట కలదు. డొమైన్ పద్ధతి పుట్టినప్పుడు అది ఇంగ్లీషు అక్షరములను, అంకెలను, అడ్డగీతను మాత్రమే గుర్తించెడిది; ఆ పునాదిని కదల్పకుండ ఇతర లిపులను చేర్చుటకై 2003లో పునీకోడ్ అను సంకేతపద్ధతి వెలువడినది. దాని ప్రకారము ప్రతి తెలుగు పేరునకును ఎక్స్, ఎన్ అక్షరములతోను, రెండు అడ్డగీతలతోను మొదలగు ఒక ఇంగ్లీషు మారురూపము ఉండును. .భారత్ యొక్క మారురూపము ఎక్స్‌ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ. ఫోనులో తెలుగు చిరునామాను నకలు చేసి వాట్సాపులో అతికించినప్పుడు ఒక్కొక్కసారి ఈ మారురూపమే బయటపడును. దానిని చూచి ఇదేదో వైరసని తుడిచివేయువారి తప్పు లేదు. వారికి చెప్పినవారు లేకపోవుటయే తప్పు.

తెలుగు పేరు యంత్రమునకు ఎట్లు కనబడునో నంద్యాల అను పేరుతోనే చూడవచ్చును. కంటికి నం, ద్యా, ల అని మూడక్షరములు. యంత్రమునకు ఏడు సంకేతములు: నకారము, సున్న, దకారము, దానిని సంయుక్తము చేయు పొల్లు, యకారము, దీర్ఘము, లకారము. ఆళ్లగడ్డ విషయము మరింత ఆలోచింపదగినది. ఈ ఊరి పేరును ళకారము క్రింద లవత్తు పెట్టి వ్రాయువారును, ళవత్తు పెట్టి వ్రాయువారును సమసంఖ్యలోనే యున్నట్లు బస్సు పలకలును, దుకాణపు బోర్డులును చూచిన ప్రతివానికిని తెలియును. మనుష్యులకు రెండును ఒకటే ఊరు. డొమైన్ పట్టికకు అవి రెండు వేర్వేరు పేర్లు. ఒకదానిని శిల్పుల సంఘమొకటి తీసికొన్నచో రెండవదానిని మరియొకడు తీసికొని వచ్చిన బేరమును దారి మళ్ళింపవచ్చును. కావున తెలుగు పేరు తీసికొనువారు తమ పేరునకు గల వాడుక రూపములన్నింటిని ముందుగ వ్రాసికొని, వీలైనంతవరకు అన్నింటిని నమోదు చేయించుకొనుట మేలు. ఎవరైనను దురుద్దేశముతో ఇతరుని పేరును .ఇన్ లేక .భారత్ క్రింద ఆక్రమించినచో నిక్సీ నియమించు మధ్యవర్తి ముందు తగవు పెట్టుకొను మార్గము కలదు. కాని దానికి రుసుమును, కాలమును వెచ్చింపవలెను.

పోలికల చిక్కు ఒక్క భాషతో ముగియదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలము నుండి చీలినవగుటచే అ, ఆ, ఇ, జ, ర మొదలగు అక్షరములు రెండింటను దాదాపు ఏకరూపముననుండును. కన్నడ అక్షరములతో వ్రాసిన పేరు తెలుగు పేరుగ భ్రమింపజేయు ప్రమాదమును నివారించుటకై, బ్రాహ్మీ నుండి పుట్టిన తొమ్మిది లిపులను పరిశీలించిన పండితుల, ఇంజనీర్ల సమితి ఏ తెలుగు అక్షరము ఏ కన్నడ అక్షరముతో పొరబడునో గుర్తించి నియమావళిని రచించినది. తెలుగు లిపి నియమములు 2019లో ఐకాన్ మూలపట్టిక నియమములందు చేరినవి. ఒక్కొక్క గుణింతపు గుర్తు ఏ హల్లు తరువాత రావచ్చునో, ఏది రాకూడదో తేల్చుచు సాగిన ఈ పరిశ్రమ వ్యాకరణ పండితులు హర్షింపదగినది. ఇంత శ్రద్ధతో జరిగిన పని తెలుగు పత్రికలలో ఇంత తక్కువగ చర్చింపబడుట బాధాకరము.

తెలుగు నేలకును ఈ చరిత్రకును సంబంధము మరియొకటి కలదు. ఐకాన్ 57వ సమావేశము 2016 నవంబరు 3 నుండి 9 వరకు హైదరాబాదు అంతర్జాతీయ సమావేశ కేంద్రమున జరిగినది. అది మొదట ప్యోర్టో రికోలోని సాన్ హువాన్ నగరమున జరుగవలసియుండి, జికా వైరసు భయముచే ఇచటికి మారినది. అమెరికా ప్రభుత్వము మూలపట్టికపై తనకుండిన పర్యవేక్షణాధికారమును 2016 అక్టోబరు 1న విడిచిన తరువాత జరిగిన మొదటి సమావేశమదియే. మూడువేలకు పైబడిన ప్రతినిధులు వచ్చిరి. అయినను ఆ చర్చలు సమావేశ మందిరపు గోడలు దాటి జిల్లాలకు చేరిన జాడలు కానరావు.

బ్యాంకుల కొత్త కొసపేరు

సామాన్యుని నేరుగ తాకిన మార్పు .బ్యాంక్.ఇన్. 2025 ఫిబ్రవరి 7న రిజర్వు బ్యాంకు దీనిని ప్రకటించి, ఏప్రిల్‌లో ఉత్తరువు వెలువరించి, ఆ సంవత్సరము అక్టోబరు 31 లోగ బ్యాంకులన్నియు ఈ కొసకు మారవలెనని గడువు విధించినది. ఈ పేర్లనిచ్చు ఏకైక అధికారము హైదరాబాదు మాసాబ్ ట్యాంకు వద్దనున్న బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధనా సంస్థ ఐడీఆర్‌బీటీకి అప్పగింపబడినది. బ్యాంకు కానివాడు ఈ కొసపేరు పొందజాలడు. కావుననే ఇది నియమిత కొసపేర్లలో ప్రజలకు అత్యంతోపయోగకరమైనది. బ్యాంకులు కాని ఆర్థిక సంస్థల కొరకు .ఫిన్.ఇన్ అనునది కూడ ఉద్దేశింపబడినది.

మార్పు మంచిదే. కాని మార్పు జరుగు కాలమే వంచకులకు అదను. భారతీయ స్టేట్ బ్యాంకు ఖాతాదారుని తీసికొందము: అతడు తొలుత ఆన్‌లైన్‌ఎస్‌బీఐ.కామ్ అను చిరునామాకు అలవాటుపడినాడు. బ్యాంకు తన పేరనే ప్రత్యేకమైన .ఎస్‌బీఐ కొసను పొందిన తరువాత అది ఆన్‌లైన్‌ఎస్‌బీఐ.ఎస్‌బీఐ అయ్యెను, ఇప్పుడు ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్ అయినది. మూడును యథార్థములే. రెండు మారులు మారిన చిరునామాను చూచినవానికి నాలుగవది చూపి, మరల మారినదని చెప్పినచో నమ్మకుండుటకు కారణమేమి?

నంద్యాల రైతునకు ఈ గందరగోళము రెండింతలు. 2006 నుండి కర్నూలు జిల్లా పల్లెలకు అప్పులిచ్చిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు, రాష్ట్రమందలి మరి మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి, 2025 మే 1 నుండి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగ మారినది. బ్యాంకు పేరును, దాని చిరునామా కొసయు ఒకే సంవత్సరమున మారుట వలన, కొత్త బ్యాంకులో మీ ఖాతాను సరిచేసికొనుడని వచ్చు ఏ సందేశమైనను నమ్మదగినదిగనే తోచును. శనగ అమ్మిన పైకము ఖాతాలోనుండగ అట్టి లింకును నొక్కినవాని గతి ఊహింపవచ్చును.

ఇట్టి సందేశములోని చిరునామాను చదువు విధమును ఇచట వివరింతును. మీబ్యాంకు.బ్యాంక్.ఇన్.కేవైసీ-సేవ.కామ్/లాగిన్ అని ఒక లింకు వచ్చినదనుకొందము. ముందుభాగమున బ్యాంక్.ఇన్ కనబడుచున్నది, అదియే ఎర. మొదట హెచ్‌టీటీపీఎస్ అని యున్నచో దాని వెంటనున్న జంట గీతలను విడిచి, ఆ తరువాతి మొదటి ఏటవాలు గీత ఎక్కడనున్నదో చూచి, దానికి ఎడమప్రక్కనున్న చివరి భాగములను మాత్రమే పరికింపవలెను. అట్లు పరికించినచో కొస .కామ్, దాని ముందు కేవైసీ-సేవ. అనగా ఈ చిరునామాకు యజమాని కేవైసీ-సేవ అను పేరు కొన్న ఎవడో ఒకడు. మీబ్యాంకు, బ్యాంక్, ఇన్ అను మాటలు అతడు తన ఇంటి గోడ మీద వ్రాసికొన్న అలంకారములు మాత్రమే. అట్లే బ్యాంక్-ఇన్.కామ్ అని చుక్కకు బదులు అడ్డగీత పెట్టినదియు బ్యాంకు చిరునామా కాదు. ఫోను తెరపై పొడవైన చిరునామా తుదిభాగము కనబడక మొదలు మాత్రమే కనబడుటచే ఈ మోసము మరింత సులభమగుచున్నది. చిరునామాను నొక్కి పూర్తిగ చూచుకొనుట అవసరము. పీఎం కిసాన్ పేరుతో వచ్చు వాట్సాపు లింకులకును ఇదే పరీక్ష: అసలు స్థానము పీఎంకిసాన్.గవ్.ఇన్, అది .గవ్.ఇన్‌తోనే ముగియవలెను. డబ్బు పోయిన వెంటనే 1930 అను సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను; ఎంత త్వరగ చేసినచో సొమ్ము నిలుచు అవకాశము అంత అధికము.

యాత్రికుల విషయమున తిరుమల తిరుపతి దేవస్థానముల అనుభవము గుణపాఠమైనది. దర్శనపు టికెట్ల పేరిట పుట్టిన నకిలీ వెబ్‌సైట్లు నలుబదికి పైగా ఉన్నట్లు 2023 నాటికి బయటపడినవి. 2024లో దేవస్థానము తన చిరునామాను టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్ అని మార్చుకొన్నది. ఆ పేరులో నమ్మదగిన భాగము దేవస్థానమను మాట గాదు, తుదనున్న ఏపీ.గవ్.ఇన్. అహోబిలము, మహానంది, శ్రీశైలము ఒకే జిల్లాలోనుండగ, గదులకై ఫోనులో వెదకు యాత్రికుడు ఈ ఒక్క సూక్ష్మమును ఎరిగియుండుట ఎంతేని అవసరము.

అవగాహన స్థితి

ఈ విషయమై ఇంతవరకు జరిగిన ప్రచారము చాలవరకు నగరములలో, ఇంగ్లీషులో, సాంకేతికుల మధ్య జరిగినది. అన్ని లిపుల చిరునామాలను అన్ని సాఫ్ట్‌వేర్లు అంగీకరింపవలెనను సార్వత్రిక అంగీకార ఉద్యమమునకు 2015లో ఒక అంతర్జాతీయ సంఘమేర్పడి, 2023 మార్చి 28న మొదటి సార్వత్రిక అంగీకార దినమును ప్రపంచమంతట జరిపినది. మన దేశమున నిక్సీ 2024 మార్చిలో భాషానెట్ అను వేదికను ఢిల్లీలో ఆరంభించినది. ఇవి అవసరమైన ప్రయత్నములే. ఏలనన తెలుగు చిరునామా కొన్నవానికి ఎదురగు మొదటి అడ్డంకి సాఫ్ట్‌వేరే. ఒక దరఖాస్తు పత్రములో తన తెలుగు ఈమెయిలు వ్రాసినచో, చెల్లని చిరునామా అని ఎర్ర అక్షరములతో తిరస్కరించు కార్యక్రమములు నేటికిని కోకొల్లలు. కొసపేరు రెండు మూడు ఇంగ్లీషు అక్షరములకు మించదని ఏనాడో తలచి వ్రాసిన నియమము నేటికిని వానిలో కూర్చుండియున్నది. తెలుగు ఈమెయిలుకు కావలసిన ప్రమాణములు 2012లోనే వెలువడినవి. జీమెయిల్ 2014 నుండి అట్టి చిరునామాలతో ఉత్తరములు నడపుచున్నది. రాజస్థాన్ ప్రభుత్వము 2017లో తన ప్రజలకు హిందీ అక్షరములలో, రాజస్థాన్.భారత్ కొసతో, ఈమెయిలు పెట్టెలనిచ్చినది. జైపూరులో సాధ్యమైనది అమరావతిలోను, హైదరాబాదులోను అసాధ్యము కానేరదు. తెలుగు రాష్ట్రములు రెండును ఈ విషయమున వెనుకబడుట ఉపేక్షింపదగినది కాదని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయము.

నంద్యాల, ఆళ్లగడ్డలలో ఈ జ్ఞానమును చేర్చుటకు కొత్త కట్టడములు అవసరము లేదు. 2019 అక్టోబరు 2 నుండి నెలకొన్న గ్రామ, వార్డు సచివాలయములలో డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగి యున్నాడు, మీసేవ కేంద్రములున్నవి, నంద్యాలలో ఇంజనీరింగు కళాశాలలున్నవి, పరిశోధన కేంద్రమునకు వచ్చు రైతులున్నారు, బ్యాంకు శాఖలలో అప్పు పునరుద్ధరణకై గంటలకొలది వేచియుండు జనమున్నది. ఆ వేచియుండు చోటనే గోడ మీద పెద్ద తెలుగు అక్షరములలో మన శాఖ చిరునామా ఇది, దీని కొస ఇది అని వ్రాసిన ఒక పలక, నగర సదస్సు కంటె అధికమైన మేలు చేయును. ఆ పలకపై ఒక నిజమైన చిరునామాను, ఒక నకిలీ చిరునామాను ప్రక్కప్రక్కన వ్రాసి, కొస క్రింద ఎర్రగీత గీయుట ఉత్తమమైన పద్ధతి. కండ్లు ఎక్కడ నిలుపవలెనో చెప్పనిదే జాగ్రత్తగ నుండుడని చెప్పుట నిష్ప్రయోజనము.

ఆళ్లగడ్డ శిల్పికి కావలసినది ఇంకొక రకమైన అవగాహన. అమెరికాలో ఆలయము కట్టు సంఘమువారు అతనిని వెదకునప్పుడు వారికి కనబడునది తరచు దళారి పేజీయే. మూర్తిని మలచినవాని పేరు దానిలో ఉండదు. స్వంత డొమైన్ పేరు ఏడాదికి కొన్ని వందల రూపాయలలో లభించునని, దానిని తన పేరనే నమోదు చేసికొనవలెనని, వెబ్‌సైటు కట్టినవాని పేరనో మేనల్లుని స్నేహితుని పేరనో నమోదైనచో ఆ పేరు తనది కాదని, గడువు ముగియు తేదీని మరచినచో మరియొకడు ఎగరవేసికొని పోవునని అతనికి తెలుపువారు కావలెను. అతనికి .ఇన్ పేరు తప్పనిసరి, .భారత్ పేరు అదనపు శోభ అని చెప్పుటలో నాకు సంకోచము లేదు. విదేశమునందలి కొనుగోలుదారు తెలుగు అక్షరములను టైపు చేయలేడు. అదే నంద్యాలలోని విత్తన వ్యాపారికి, పల్లె రైతుతో మాత్రమే పనిగలవానికి, తెలుగు పేరే ఎక్కువ ఉపయోగకరము కావచ్చును. గోడప్రకటనలో చదివిన తెలుగు పేరును ఫోనుకు నోటితో చెప్పి తెరువగల రైతునకు, ఇంగ్లీషు స్పెల్లింగు తెలియక వేరొక స్థానమునకు పోవు ప్రమాదము తగ్గును. అయితే తెలుగు అక్షరములు కనబడిన మాత్రాన చిరునామా నమ్మదగినదని భావింపరాదు. .భారత్ బహిరంగమైన కొసపేరు. దానిని ఎవరైనను కొనవచ్చును.

కొసపేర్ల రెండవ పెద్ద విడతకు ఐకాన్ 2026 ఏప్రిల్ 30 నుండి ఆగస్టు 12 వరకు దరఖాస్తుల కాలమును నిర్ణయించినది. రుసుము 2,27,000 డాలర్లు; లాభాపేక్ష లేని సంస్థలు మొదలైన అర్హులకు 75 నుండి 85 శాతము వరకు తగ్గింపునిచ్చు సహాయ పథకమొకటి దానితో పాటు ఏర్పడినది. తెలుగు లిపి నియమములు ఇదివరకే సిద్ధమై యుండుటచే, దేశపు పేరైన .భారత్‌కు తోడు, పత్రికలకో, పుస్తకములకో, చేతివృత్తులకో చెందిన తెలుగు కొసపేరును కోరుటకు లిపి సంబంధమైన ఆటంకము లేదు. ధనమును, నిర్వహణ సామర్థ్యమును గల ఒక సంస్థ పూనుకొనవలసియున్నది.